కుడివైపు పొర

"నిన్న పొద్దున్న పొయ్యికాడ, నీ పక్కనే నిలబడి సెప్పినాను గదే" అని అత్తగారు రత్నమ్మ నాలుగోసారి అంది. "చెప్పలేదత్తయ్యా" అని హేమమాలిని కూడా నాలుగోసారే అంది. "అయితే నేను కలగన్నానా? అప్పడాలు మెత్తబడిపోతన్నాయి, నా డబ్బా నాకిచ్చీ అని అడిగినాను. నువ్వు పప్పు కలియబెట్టుకుంటా ఊరుకున్నావు. ఊరుకుంటే సరే అన్నట్టే గదా?" "మీరడిగితే ఇవ్వనా నేను? అడగలేదు కాబట్టే నాకు తెలీదు." "అమ్మ చెప్పింది హేమా" అన్నాడు ఉదయ్‌కుమార్ ఫోన్లోంచి తల ఎత్తకుండా. "నేను గుమ్మంలో గడ్డం గీసుకుంటున్నాను. మైనే సునా. గుమ్మంలోకి వినిపించింది, పక్కనున్నదానికి వినిపించలేదా?" మరిది బాబ్జీ సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని, "గవాహీ కావాలంటే నేనూ ఇస్తాను వదినా, అమ్మ తరఫు సాక్షిని, కానీ నాకు రెండప్పడాలు ఎక్కువ పడాలి" అని నవ్వాడు. హేమమాలిని కిటికీ దగ్గరికి నడిచింది. కిటికీ గట్టు మీద, తడిగాలిలో, పాత క్యాలెండరు కాగితం మీద అత్తగారు తీసి పెట్టిన రింగుని, పల్చటి పొర సాగదీసి అతికించినదాన్ని, రెండు చేతులతో ఎత్తుకుంది. డబ్బాలోని అప్పడాలన్నీ బల్ల మీదకి వంచేసి, డబ్బా చంకన పెట్టుకుని వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెనకనుంచి అత్తగారు ఇంకేదో అంది. ఏదో అందని తెలిసింది, ఏమందో తెలియలేదు.

ఆ గదిలో ఏసీ పొద్దుటినుంచీ నడుస్తూనే ఉంది, చల్లదనం కోసం కాదు, గాలిలో చెమ్మ లాగేయడానికి. ఈ దీవుల్లో వానాకాలం ఎనిమిది నెలలు, ఉప్పు నీరవుతుంది, అగ్గిపెట్టె మెత్తబడుతుంది, బీరువాలో పట్టుచీరకి బూజు పడుతుంది, ఈ పని చెయ్యడానికి దేశం మొత్తం మీద ఇంతకన్నా పనికిమాలిన చోటు ఇంకొకటి ఉండదని ఉదయ్‌కుమార్ పెళ్ళైన కొత్తలో అన్నాడు, ఇప్పుడూ అంటాడు. అయినా బాగుచెయ్యాల్సిన ఈ రకం హెడ్‌ఫోన్లు ఆమె దగ్గరికే వస్తాయి, పుణె నుంచి, కొచ్చి నుంచి, ఒకసారి షిల్లాంగ్ నుంచి కూడా. డబ్బా మూత తీసి, చెప్పుల పెట్టెల్లోనూ మందుసీసాల్లోనూ దొరికిన చెమ్మ పీల్చే పొట్లాలన్నీ అడుగున పరిచి, వాటి మీద ఉతికిన మల్లుగుడ్డ వేసి, రింగుని దాని మీద పడుకోబెట్టి, మూత బిగించింది. ఇంట్లో గాలి చొరని డబ్బా ఇదొక్కటే, అత్తగారి పుట్టింటి స్టీలు. నాలుగూ పది. ఐదూ పదికి తియ్యొచ్చు. గంట. గంట తరవాత పలకల మధ్య బిగించి, కరెంటు ఇచ్చి, చెవులకి పెట్టుకుని వినాలి. పొర నాలుగు గంటలుగా ఆరుతోంది, అత్తయ్య తీసి బయటపెట్టింది కాబట్టి చెమ్మ పట్టింది, కాబట్టి కుడివైపు తక్కువగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు, దానికి కారణం ఉంది, కారణం అప్పడాలు. ఇలా అనుకోగానే గుండెల్లో ఏదో కాస్త తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎందుకంటే గదిలోకి వచ్చేటప్పుడే తెలుసు, అత్తయ్య ఆ డబ్బా ముట్టుకోకపోయినా కుడివైపు తక్కువగానే వినిపించేది.

మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతమూ తీగచుట్టా ఉంటాయి, అవి మొద్దువి, ఎంత తడికైనా ఓర్చుకుంటాయి. వీటిలో అవేమీ ఉండవు. చిల్లులు పొడిచిన రెండు పలకల మధ్య, ఉల్లిపొర దుప్పటి అనిపించేంత పల్చని ప్లాస్టిక్ పొర ఒకటి బిగువుగా సాగి ఉంటుంది, అంతే. ఆ పొర మీద దాదాపు ఆరొందల వోల్టులు కూర్చుని ఉంటాయి, పలకల్లోకి పాట వస్తే పొర అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగడమే మనకి వినపడేది. పొరని సాగదీయడానికి ఆమెకి సైకిల్ ట్యూబు ఉంది. నున్నటి చెక్క మీద ట్యూబు పరిచి, దాని మీద పొర వేసి, అంచులన్నీ టేపుతో చెక్కకి అంటించి, పంపుతో గాలి కొడితే, ట్యూబు లేస్తున్నకొద్దీ పొర అన్ని పక్కలా ఒకేలా బిగుస్తుంది. పంపు ముప్ఫై రెండు కొట్లు. ముప్ఫై మూడోది కొడితే చిరిగిపోతుంది. ముప్ఫైకి ఆపితే వదులై, గట్టి పాటకి పలకకి అతుక్కుని టప్పుమంటుంది. తరవాత గ్రాఫైట్ పొడి దూదితో రుద్ది, మళ్ళీ దూదితో తుడిచి, తుడిచి, ఇక ఏమీ లేదనిపించేదాకా తుడవాలి, ఆ ఏమీ లేనిదే కావలసినంత. కంటికి కనిపించే పని కాదిది. వేలితో, చెవితో చేసే పని. చివరికి చెవితోనే. ఎన్ని కొలతలు కొలిచినా ఆఖరున చెవులకి పెట్టుకుని, గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడిందా లేదా అని వినాలి. నిలబడితే పని పూర్తయినట్టు. హేమమాలినిగారు విని పంపారంటే ఇక చూసుకోనక్కర్లేదు అని ఈ హెడ్‌ఫోన్లు వాడేవాళ్ళ గ్రూపులో ఎవరో రాశారు, కూతురు లిఖిత అది స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ నాన్నకి చూపించింది, ఆయన "ఏసీ బిల్లు కూడా గ్రూపులో పెట్టమను" అన్నాడు.

ఇప్పుడు డబ్బాలో ఉన్నది చంద్రమౌళి మాస్టారిది. డిగ్లీపూర్‌లో రిటైరైన లెక్కల మాస్టారు, పెళ్ళి చేసుకోలేదు, తోటలో వక్కచెట్లు, ఇంట్లో ఈ ఒక్క హెడ్‌ఫోన్ సెట్టు, ఎప్పుడో జపాన్ నుంచి తెప్పించుకున్నది. దాన్ని చీరముక్కల్లో చుట్టి, బిస్కెట్ల పెట్టెలో పెట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపితే, బాబ్జీ బస్టాండుకి వెళ్ళి తెచ్చాడు. "అమ్మా, కుడివైపు బాగా తగ్గిపోయింది" అన్నారు మాస్టారు ఫోన్లో. ఆమె అందరినీ అడిగేదే అడిగింది. "తిప్పి పెట్టుకుని చూశారా?" "తిప్పి అంటే?" "కుడిచెవిది ఎడంచెవికి, ఎడంచెవిది కుడిచెవికి పెట్టుకోండి మాస్టారూ. తక్కువ వినిపించేది పక్క మారితే తప్పు సెట్టుది. మారకపోతే..." ఎప్పుడూ అక్కడ ఆగుతుంది, మిగతాది వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఆయన అప్పుడే తిప్పి పెట్టుకుని, "మారిందమ్మా, ఎడమపక్కకి వచ్చేసింది, బతికించావు, నా చెవి కాదన్నమాట" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. తిప్పి పెట్టుకోవడానికి అరనిమిషం పడుతుంది. ఆమెకి ఇరవై మూడు రోజులు పట్టింది, ఇంకా పెట్టుకోలేదు.

ఇరవై మూడు రోజుల కిందట, ఆ శుక్రవారం నిద్ర లేచేసరికి కుడిచెవిలో ఓడ ఇంజను నడుస్తోంది. విశాఖపట్నం నుంచి మూడు రోజులు ఓడలో వచ్చిన వాళ్ళకి తెలుస్తుంది ఆ చప్పుడు, కింద ఎక్కడో నడుస్తూనే ఉంటుంది, తింటున్నా పడుకున్నా ఆగదు, రెండో రోజుకి అదే నిశ్శబ్దమైపోతుంది. చెవి నిండా దూది కుక్కినట్టు బరువు. తలస్నానం చేస్తే నీళ్ళు పోయాయనుకుంది. అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేసి, "పడుకో, అదే దిగుతాది" అంది. దిగలేదు. లేచి, ముందురోజు సాగదీసి ఆరబెట్టిన మాస్టారి పొరని బిగించి విన్నది, కుడివైపు తక్కువ. మొదటి పొర. సాగు చాల్లేదనుకుంది. చింపేసింది. ఎంత తేలిగ్గా చింపేసింది! వేలుగోరు ఆనిస్తే చాలు, ఇస్‌మని పోతుంది. ఆ ఇస్‌మనే చప్పుడు కూడా ఎడమవైపే వినిపించింది, అప్పుడు దాన్ని పట్టించుకోలేదు, పట్టించుకుంది, కాదు, పట్టించుకోలేదు. తొమ్మిదో రోజున ఎవరూ లేనప్పుడు ఫోన్లో రాసి చూసింది, ఒక చెవి హఠాత్తుగా. రాయడం పూర్తి కాకముందే కింద వరసలు దిగిపోయాయి, అంటే తనలాంటి వాళ్ళు ఎంతోమంది ఇదే రాసి చూశారన్నమాట. వెంటనే వెళ్ళాలి, రెండు వారాలు దాటితే మందు పని చెయ్యడం కష్టం అని ఉంది. ఇంకా ఐదు రోజులున్నాయి. ఫోను బోర్లించి పెట్టేసి, ఆ ఐదు రోజులూ రెండో పొర సాగదీసింది. ఐదు రోజులు. ఆసుపత్రి ఆటోలో పది నిమిషాలు. ఆ రోజుల్లో తను ఎంత శ్రద్ధగా దూదితో తుడిచిందో, ఎంత ఓపిగ్గా కొట్లు లెక్కపెట్టిందో. ఎవరైనా చూస్తే ఎంత పనిమంతురాలు అనుకునేవారు.

ఏసీ ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైంది. బయట రేకుల మీద వాన పడుతోంది. కళ్ళు మూసుకుని వింది. వాన ఇంటికి ఎడమవైపే పడుతోంది. కుడివైపు ఇల్లే లేనట్టు, గోడే లేనట్టు, అక్కడ ఏదో మూసేసినట్టుంది. చేత్తో ఎడమచెవి మూసుకుంది, వాన ఆగిపోయింది. చెయ్యి తీసింది, కురిసింది. మూసింది, ఆగింది. పసిపిల్లలు ఆడుకునే ఆటలా ఇంకో నాలుగుసార్లు చేసి, ఇంజను చప్పుడొక్కటే మిగిలిన ఆ చోట భయం వేసి చెయ్యి తీసేసింది. ఇది కూడా పరీక్షే కదా, తిప్పి పెట్టుకోవడం లాంటిదే కదా అని ఎవరో లోపలినుంచి అడిగారు. కాదు, వాన హెడ్‌ఫోన్ కాదు, వానకి సమానంగా పడాలనేం లేదు. అప్పుడే ఓడ కూసింది. సాయంత్రం ఓడ. ఈ బల్ల ముందు కూర్చుంటే హార్బరు కుడిచేతివైపు, ఎడమచేతివైపంతా కొండ, కొండ మీద ఎవరివో కోళ్ళగూళ్ళు. కూత కొండమీంచి వచ్చింది. ఓడలు కొండెక్కి ఇరవై మూడు రోజులైంది. కిటికీలోంచి తలతిప్పి కొండవైపు చూసింది కూడా, చూసి, ఎందుకు చూశానా అనుకుంది. ఇలాగే మొన్న రోడ్డు దాటుతుంటే స్కూటరు ఎటునుంచి వస్తోందో తెలియక మధ్యలో నిలబడిపోతే, ఆ కుర్రాడు "దీదీ, మర్నా హై క్యా" అని, చావాలనుందా అన్నట్టు అరిచి పోయాడు. ఆ అరుపు కూడా కొండవైపు నుంచే.

భుజం మీద చెయ్యి పడి ఉలిక్కిపడింది. లిఖిత, ఛాయ్ కప్పుతో. "అమ్మా, మూడుసార్లు పిలిచాను, తలుపు కొట్టాను కూడా." "ఏసీ చప్పుడు" అంది హేమమాలిని. లిఖిత ఏసీ వైపు చూసింది, కొత్త ఏసీ, చప్పుడే చెయ్యదని దుకాణంవాడు చెప్పి అమ్మినది. కప్పు బల్ల మీద పెట్టింది కానీ వెళ్ళలేదు. "నువ్వీమధ్య ఫోన్ ఎడంచేత్తో పట్టుకుని మాట్లాడుతున్నావు తెలుసా?" "కుడిచేతిలో పనుంటుంది కదా." "పని లేనప్పుడు కూడా" అంది లిఖిత. తరవాత ఇంకేదో అంది, కుడివైపుకి నడుస్తూ, హేమమాలిని పెదవులు చూసింది, అర్థం కాలేదు, ఊఁ అంది. పిల్ల ఒక్కక్షణం తల్లినే చూసి వెళ్ళిపోయింది. ఊఁ అనకూడని దానికి ఊఁ అన్నట్టుంది. పంతొమ్మిదేళ్ళది, బుర్రలో అన్నీ రాసుకుంటుంది. మొదటి పొర బిగించినరోజు, "నువ్వొకసారి విను" అని దానికిస్తే విని, "బానే ఉందమ్మా, రెండూ బరాబర్" అంది. "నీకేం తెలుసు బరాబర్, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చెవులు పాడుచేసుకున్న దానివి" అని కసిరింది తను. ఆ మాట ఎవరితో అన్నది? పిల్ల చెవులకి ఏమైంది? కొలిచే మైకు కూడా ఉంది, చిన్నది, ఇత్తడి మూతది. దాంతో కొలిచింది, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి, కుడి ఎడమ తేడా తెలియకుండా. మైకుకి బూజు పట్టిందనుకుంది. పిల్లకి తెలియదనుకుంది, మైకు చెడిందనుకుంది, పొర వదులైందనుకుంది, గ్రాఫైట్ ఎక్కువైందనుకుంది, డబ్బాలో చెమ్మ అనుకుంది, ఈ దీవులే ఇంత అనుకుంది. నాలుగు పొరలు. మొదటిదే మంచిదేమో. మొదటిదే మంచిది. మాస్టారి సెట్టు ఆ శుక్రవారమే బాగైపోయింది, తను బాగైనదాన్ని మూడుసార్లు పాడుచేసి, మూడుసార్లు బాగుచేసింది.

వినడానికి ఆమె వాడేది పాట కాదు. లిఖిత ఐదో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు చదవడం రావడం లేదని కూర్చోబెట్టి, తనే నాలుగు వాక్యాలు రాసిచ్చి చదివించి ఫోన్లో పట్టినది. "మా... ఇంటి... ముందు... కొబ్బరి... చెట్టు... ఉ... ఉన్నది." మాట్లాడటం గలగలా వచ్చేది, చదవడానికి వచ్చేసరికి ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఊపిరి తీసేది. ఆ ఊపిరి, ఆ 'ఉ' దగ్గర పెదవులు విడే చిన్న చప్పుడు, వెనక ఎక్కడో కాకి, ఇవన్నీ మామూలు హెడ్‌ఫోన్‌లో వినిపించవు. వీటిలో వినిపిస్తాయి. మంచి పొర పడితే ఆ పదేళ్ళపిల్ల వచ్చి తన రెండు కనుబొమల మధ్య నిలబడి పాఠం చదువుతుంది. ఇరవై మూడు రోజులుగా అది ఎడమ భుజం పక్కకి జరిగిపోయి, అక్కడే నిలబడి చదువుతోంది, ఇటు రమ్మంటే రావడం లేదు. రేపు ఎడమచెవి కూడా పోతే? ఫోన్లో అదీ రాసి ఉంది, కొందరికి అని. కొందరు. ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆలోచన వెనక్కి తిరిగి పరుగెడుతుంది. ఛాయ్ తాగింది, చల్లారింది. నాలుగూ నలభై.

నాన్న ఛాయ్ చల్లార్చుకునే తాగేవారు. హార్బరులో వైర్‌లెస్ గదిలో ముప్ఫై ఏళ్ళు, వెంకటసుబ్బయ్య అంటే దీవుల మధ్య తిరిగే ప్రతి ఓడకీ తెలుసు. ఇల్లేమో అటు ఒడ్డున హోప్ టౌన్‌లో, పొద్దున్నే ఫెర్రీ, సాయంత్రం ఫెర్రీ. సెలవురోజున తనని ఆఫీసుకి తీసుకెళ్ళి, నల్లటి బరువైన హెడ్‌ఫోన్ తలకి పెట్టి, సముద్రం మధ్యలో ఎవరో కొట్టే చుక్కలూ గీతలూ వినిపించేవారు. "ఇవి మనుషుల వేళ్ళమ్మా, ఒక్కొక్కడి వేలు ఒక్కోలా మాట్లాడుతుంది" అనేవారు. సోల్డరింగ్ పట్టుకోవడం అక్కడే నేర్చుకుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు, "సార్, ఒకవైపు రావడం లేదు" అని హెడ్‌ఫోన్ తెస్తే నాన్న దాన్ని ముట్టుకునేవారు కాదు. "ముందు తిప్పి పెట్టుకో. తప్పు పక్క మారితే దానిది, మారకపోతే నీది. మారితేనే నా దగ్గరికి రా." ఆ మాటే కదా తను ఇన్నేళ్ళుగా అందరికీ చెప్తున్నది. ఫెర్రీలో నాన్న ఎప్పుడూ కుడి రెయిలింగు పక్కన, నీళ్ళకి కుడిచెవి ఒప్పజెప్పి నిలబడేవారు. బస్సెక్కితే డ్రైవరు వెనక కిటికీ సీటు, అది దొరక్కపోతే తరవాతి బస్సు. ఇంట్లో భోజనానికి గోడ పక్క, కుడిభుజం గోడకి ఆనించి. పెళ్ళిళ్ళకి వెళ్తే పందిట్లో కుడివైపు చివరి కుర్చీ. ఫొటోల్లో కూడా, ఆలోచిస్తే, ప్రతి ఫొటోలోనూ అందరికీ కుడిచేతివైపు చివర నాన్నే, ఆయన కుడిపక్కన ఎవరూ ఉండరు. తనని ఎత్తుకుంటే ఎడమచంకన. నడుస్తుంటే ఎడమచెయ్యి పట్టుకోమనేవారు, కుడిచెయ్యి పట్టుకుంటే మాట్లాడకుండా ఇటు మార్చుకునేవారు. ఇన్నాళ్ళూ అది ఆయన అలవాటనుకుంది. ఆయనకో చోటు, ఆయనకో పద్ధతి, ఆఫీసరు కదా.

కప్పు కింద పెట్టబోయి పెట్టలేదు.

తిప్పి పెట్టుకో అనే సంగతి ఆయనకెలా తెలిసింది? ఎవరు నేర్పారు? ఎప్పుడో ఒక రోజున ఆ గదిలో ఒక్కరే కూర్చుని, ఆ నల్లటి హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని, తప్పు పక్క మారలేదని తెలుసుకుని ఉంటారు. లేచి, తలుపు తీసుకుని, ఫెర్రీ ఎక్కి ఇంటికి వచ్చి, గోడపక్కన కూర్చుని ఉంటారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే వైర్‌లెస్ గదిలోంచి తీసేస్తారు, చెవి లేనివాడికి అక్కడేం పని, ఎక్కడో స్టోర్సులో పెట్టి సామాన్లు లెక్కపెట్టమంటారు. ఎడమచెవితోనే అన్నేళ్ళూ లాగేశారు. ఎంత తెలివిగా లాగేశారు, ఎన్ని గోడలు వెతుక్కున్నారు. మరి అమ్మ? అమ్మ వంటింట్లోంచి వచ్చి కుడివైపునుంచి ఏదో చెప్పేది, ఆయన పలికేవారు కాదు. సాయంత్రానికి గొడవ. "చెప్పాను." "చెప్పలేదు." "చెప్పాను." "చెప్పలేదంటున్నానా!" తను ఆ రెండు మాటల మధ్యే పెరిగింది. ఆఖరికి అమ్మ ఫెరార్గంజ్‌లో పెద్దమ్మావాళ్ళింట్లో మంచం పట్టినప్పుడు, నాన్న పోయిన మూడేళ్ళకి, తలకింద దిండు సర్దుతుంటే అంది, "మీ నాన్న మంచివాడేనే. కానీ నా మాట ఎన్నడూ విన్లేదు. నేనంటే లెక్కలేదు ఆయనకి." ఏడవలేదు, ఉన్నమాట అన్నట్టుగా అంది. నలభై ఏళ్ళ కాపురం మీద ఆ ఒక్క మాట రాసుకుని వెళ్ళిపోయింది. లెక్కలేకపోవడం కాదమ్మా, వినిపించలేదమ్మా. ఈ మాట ఇప్పుడు ఎవరికి చెప్పాలి? ఎటువైపు తిరిగి చెప్పాలి? ఇద్దరూ లేరు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు చప్పుడు కూడా తనకి ఒకవైపే వస్తోంది, సగం మనిషి ఏడుస్తున్నట్టు. నిన్న పొద్దున్న అత్తయ్య ఎటుపక్క నిలబడి ఉంటుంది? పొయ్యికి కుడివైపు గట్టు, గట్టు మీద ఉప్పుడబ్బా, ఆమె నిలబడేది అక్కడే. నాలుగుసార్లు చెప్పలేదంది తను. నాన్న గొంతుతో అంది, అదే విసురుతో.

ఐదూ పది. డబ్బా మూత తీసింది. చేతులకి తొడుగు వేసుకుని రింగుని ఎత్తి దీపానికి అడ్డం పెట్టింది, ఒక్క ముడత లేదు, ఒక్క నలుసు లేదు, అద్దంలా ఉంది, తన చేతుల మీదుగా వెళ్ళిన పొరల్లో ఇంత చక్కగా కుదిరింది లేదేమో. పలకల మధ్య పెట్టి, స్క్రూలు ఎదురుబొదురుగా ఒక్కో పావుతిప్పు బిగించింది. ఆంప్లిఫయర్ వేసి, పొర మీదకి కరెంటు చేరేదాకా ఆగింది. నెమ్మదిగా చేరుతుంది అది. పెట్టుకుంది. "మా... ఇంటి... ముందు..." పిల్ల ఎడమ భుజం దగ్గరే నిలబడి ఉంది. అంతే, ఇది తెలిసిందే, ఇక్కడిదాకా ప్రతిసారీ చేస్తున్నదే. ఇక్కడే ప్రతిసారీ తీసేసి, స్క్రూలు విప్పి, గోరు ఆనించేది. గోరు ఇప్పుడు కూడా దురదపెడుతోంది. ఇంకొక్కసారి, ముప్ఫై ఒకటి కొట్లతో... అత్తయ్య చెమ్మ పట్టించింది కదా, ఈసారి లెక్కలోకి రాదు కదా, రేపు, ఒక్క రేపు. కళ్ళు మూసుకుంది. రెండు కప్పులూ పట్టుకుని, తలకి కాస్త దూరంగా లాగి, వెనక్కి తిప్పి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టుకుంది. "కొబ్బరి... చెట్టు... ఉ... ఉన్నది." ఊపిరి తీసుకుంటోంది. కాకి అరిచింది. నాలుగో పొర, తను చింపబోయిన కుడివైపు పొర, ఎడమచెవికి ఎంత స్వచ్ఛంగా వినిపిస్తోందంటే, ఆ పెదవులు విడే చప్పుడు కూడా తడితడిగా ఉంది. పిల్ల జరగలేదు. అక్కడే, ఎడమ భుజం దగ్గరే నిలబడి, తన పాఠం తను చదువుకుంటోంది. కుడివైపు ఇంజను.

పాఠం అయిపోయేదాకా విన్నది. నాలుగు వాక్యాలే. తరవాత హెడ్‌ఫోన్ తీసి, మల్లుగుడ్డలో చుట్టి, మాస్టారి బిస్కెట్ల పెట్టెలో పెట్టింది. చెమ్మ పొట్లాలు ఏరి పక్కన పెట్టి, డబ్బా లోపలంతా తుడిచి, మూత పెట్టింది. ఏసీ కట్టేసింది. ఆ గదిలో పొద్దుటినుంచీ వెలుగుతున్న చిన్న పచ్చదీపం ఆరింది.

హాల్లో లైట్లు వేసి ఉన్నాయి, బయట చీకటి పడిపోయింది. బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. అత్తయ్య మెత్తబడిన అప్పడాలని మెత్తబడినట్టుగానే వేయించేసి పళ్ళెంలో పోసింది, బాబ్జీ వాటిని తుంచలేక సాగదీస్తూ, "ఇవి అప్పడాలు కాదు పెద్దమ్మా, వదిన సైకిల్ ట్యూబులు" అంటున్నాడు. "ఏటి పెద్దమ్మా, కన్నతల్లిని పట్టుకుని" అంది రత్నమ్మ. "అప్పడం సరిగా లేనిరోజున నువ్వు పెద్దమ్మవే." గోడపక్క కుర్చీలో ఉదయ్‌కుమార్ కూర్చుని ఉన్నాడు, ఎప్పుడూ ఆయన కూర్చునేదే. హేమమాలిని డబ్బాని అత్తగారి ముందు పెట్టి, ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఆ కుర్చీ నాకివ్వండి."

"ఎందుకు? ఫ్యాను ఇక్కడే తగులుతుంది."

"ఇవ్వండి, చెప్తాను."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆయన ఫోను తీసుకుని లేచాడు. ఆమె కూర్చుంది. కుడిభుజానికి గోడ చల్లగా తగిలింది. ఇంట్లోవాళ్ళు నలుగురూ ఇప్పుడు ఎడమవైపు ఉన్నారు, నలుగురి మాటా వినిపిస్తోంది, చెంచా పెట్టిన చప్పుడు కూడా. నాన్నకి ఇలా ఉండేదన్నమాట ప్రతి రాత్రీ.

"అత్తయ్యా, నిన్న మీరు చెప్పే ఉంటారు" అంది.

"సూసినావా!" అని రత్నమ్మ కొడుకు వైపు తిరిగింది గెలిచినదానిలా. తిరిగి కోడలి మొహం చూసి, ఆ గెలుపు సగంలో ఆపేసింది. "ఏటే, ఏటైంది?"

"మీరు ఉప్పుడబ్బా పక్కన నిలబడి చెప్పారు కదూ? ఆ పక్క చెవి నాకు వినబడటం లేదు. ఇరవై మూడు రోజులైంది. చెడింది మాస్టారి సెట్టని, నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను."

బాబ్జీ చేతిలో అప్పడం అలాగే ఉండిపోయింది. "ఇరవై మూడు రోజులా?" అన్నాడు ఉదయ్‌కుమార్. "చెప్పలేదేం?" అనబోయి, ఆ మాట ఈ ఇంట్లో ఈరోజు ఎన్నిసార్లు తిరిగిందో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. లిఖిత లేచింది. తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి తల్లికి ఎడమపక్కన వేసుకుని కూర్చుంది.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తాను" అంది హేమమాలిని. తన గొంతు ఎంత గట్టిగా వస్తోందో తనకి సరిగా తెలియక, తగ్గించే మాట్లాడింది, నలుగురూ ముందుకి వంగారు. "ఆలస్యమైంది. తిరిగి రాదనే చెప్తారనుకుంటాను, అయినా వెళ్తాను. మాస్టారికి ఈ పూటే ఫోన్ చేసి, మీది మొదటిరోజే బాగైంది, బాగాలేనిది నాకు అని చెప్పేస్తాను. గ్రూపులో కూడా రాయిస్తాను, వాళ్ళకి తెలియాలి. ఇంకముందు పొరలు సాగదీసేది నేను, వినేది లిఖిత. అది రెండువైపులా బరాబర్ ఉందంటే ఉన్నట్టే, కట్టి పంపించేస్తాను. నాకు వినిపించకపోయినా సరే."